లాంగ్ రైడ్ క్యాన్సిలైందా? ఇంటి చుట్టూ కొత్త ఒక్కరోజు రూట్లు వెతికే పద్ధతి

సెలవు మంజూరైంది, బైకు సర్వీసింగ్ అయింది, పెట్రోలుకి డబ్బులు పక్కన పెట్టుకున్నారు. అంతలో ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడిందనో, బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందనో, తోడు రావాల్సినవాళ్లకి ఆఫీసులో పని పడిందనో టూర్ ఆగిపోతుంది. ఇక మిగిలేది మామూలు తంతు. అందరూ వెళ్లే అనంతగిరికే వెళ్లడం, అక్కడ ఇరవై నిమిషాలు ఫొటోలు దిగడం, వెళ్లిన రోడ్డు మీదే తిరిగి రావడం, "హైదరాబాద్ చుట్టూ ఏముందిలే" అని పెదవి విరవడం.

తప్పు ఊళ్లది కాదు, వెతికిన తీరుది. చోటు మనం ఎంచుకుని, రోడ్డుని ఫోనుకి వదిలేస్తున్నాం. ఒక్కరోజు రైడ్‌లో ఆరు గంటలు రోడ్డు మీద గడుస్తాయి, చూసే చోట గంట కూడా గడవదు. కాబట్టి ముందు రోడ్డుని వెతకాలి. టీ తాగడానికి, కాళ్లు చాపుకోవడానికి ఆ రోడ్డు మీద ఏ చోటు పడితే అదే మన గమ్యం. కింద చెప్పిన లెక్కలన్నీ హైదరాబాద్ నుంచి వేసినవి. పద్ధతి మాత్రం ఏ ఊరి నుంచైనా ఇదే.

ముందు బండిని టూర్ సెట్టింగ్ నుంచి దించండి

చాలామంది మరిచిపోయేది ఇదే. నాలుగు రోజుల టూర్‌కని సామాను బరువుకి తగ్గట్టు బండిని సిద్ధం చేసి ఉంటారు. వెనక షాక్ అబ్జార్బర్ల ప్రీలోడ్ (స్ప్రింగు బిగింపు) పై మెట్టుకి తిప్పి, వెనక టైరులో ఇద్దరి బరువుకి సరిపడా గాలి కొట్టించి ఉంటారు. అదే బండి మీద ఒక్కరే, సామాను లేకుండా పల్లె రోడ్డెక్కితే వెనక చక్రం గుంత గుంతకీ ఎగురుతుంది, మలుపులో ఇసుక కనబడితే పట్టు జారుతుంది. సి-స్పానర్‌తో (దాన్ని తిప్పే వంకీ రెంచితో) ప్రీలోడ్‌ని రెండో మెట్టుకి దించండి. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలి. ఒక వైపు రెండు, ఇంకో వైపు నాలుగు ఉన్న బళ్లు రోడ్ల మీద బోలెడు. టైరు గాలి ఒక్కరి బరువుకి ఎంత ఉండాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీదో చైన్ గార్డు మీదో స్టిక్కర్ ఉంటుంది. బంకుకి వెళ్లేసరికి టైరు వేడెక్కి రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఇంటి దగ్గరే, చల్లగా ఉన్నప్పుడు కొలవండి. సామాను కట్టే కమ్మీలు, ఖాళీ పెట్టెలు తీసేయండి. వెనక బరువు తగ్గితే హెడ్‌లైటు వెలుగు పడే చోటు మారుతుంది, అదీ ఒకసారి గోడ మీద చూసుకోండి.

చైన్ కిందిభాగం మధ్యలో వేలితో ఎత్తితే ఎంత ఆడాలన్నది బండిని బట్టి సుమారు 20 నుంచి 35 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో చూడండి. బిగువైన చైన్ కంటే కాస్త వదులే నయం. బిగువుగా ఉంటే స్ప్రాకెట్ బేరింగు మీద భారం పడుతుంది.

వెంట ఉండాల్సినవి కొన్నే. ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ కిట్, బెజ్జంలో దూర్చే రబ్బరు స్ట్రిప్పులు ఐదు, చిన్న ఎయిర్ పంపు. స్పోక్ చక్రాలైతే ఒక స్పేర్ ట్యూబు. మండల కేంద్రం దాటాక ట్యూబు అతికేవాళ్లు దొరుకుతారు గానీ మీ సైజు ట్యూబు దొరకదు. క్లచ్ కేబులు, రెండు ఫ్యూజులు, స్పార్క్ ప్లగ్గు, ఇన్సులేషన్ టేపు, నాలుగు జిప్ టైలు. క్లచ్ కేబులుని పాతదాని పక్కనే ట్యాంకు కింద నుంచి ముందే లాగి ఉంచితే తెగిన రోజు పది నిమిషాల పని. కాగితాలు డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి ముందే తెరిచి ఫోనులో దాచుకోండి.

దూరం కాదు, గంటలు లెక్కపెట్టండి

మ్యాపు మీద వంద కిలోమీటర్ల చుట్టు గీస్తే మోసపోతారు. నేషనల్ హైవే మీద సగటున గంటకి 60 నుంచి 65 కి.మీ. పడుతుంది. స్టేట్ హైవే మీద 45, ఊళ్ల మధ్య సింగిల్ రోడ్డు మీద 30 నుంచి 35. బండి 80 మీద పరుగెడుతున్నట్టే ఉంటుంది, కానీ బర్రెలు, స్పీడ్ బ్రేకర్లు, స్కూలు పిల్లలు కలిసి సగటుని కిందికి లాగేస్తారు.

మొత్తం రైడింగ్ ఆరు గంటలు దాటనీయకండి. అంటే హైవే 80 కి.మీ. (గంటా పావు), స్టేట్ రోడ్డు 90 (రెండు గంటలు), పల్లె రోడ్డు 60 (రెండు గంటల లోపు). కలిపి 230 కి.మీ., ఐదు గంటల చిల్లర. మిగతా ముప్పావు గంట పంక్చర్‌కో, తప్పిన దారికో. డిసెంబరులో హైదరాబాద్‌లో సూర్యుడు దాదాపు 6.40కి వచ్చి 5.45కల్లా పోతాడు, జూన్‌లో 5.45 నుంచి 6.50 దాకా ఉంటాడు. రెండు గంటల తేడా. వేసవిలో వేసిన రూటుని చలికాలంలో అలాగే వాడితే చివరి యాభై కిలోమీటర్లు చీకట్లో పడతాయి.

ఎండాకాలం లెక్క వేరు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున 5.30కి బయల్దేరి 10.30కల్లా ఇంట్లో ఉండేలా 130, 150 కి.మీ. చాలు. మధ్యాహ్నం 43 డిగ్రీల్లో జాకెట్ వేసుకుంటే వడదెబ్బ, విప్పితే ఇంకో ప్రమాదం.

మ్యాపులో రోడ్డుని వెతకడం

ఫోను పక్కన పెట్టి కంప్యూటర్ మీద కూర్చోండి. శాటిలైట్ వ్యూ పెట్టి నాలుగు సంగతులు చూడాలి.

చెరువు కట్టలు, రిజర్వాయర్ల అంచులు మొదటిది. తెలంగాణలో చెరువుకి కరువు లేదు. దాని కిందే పొలాలు, వాటి మధ్య నుంచే వంకరటింకర రోడ్డు. రెండోది ముదురాకుపచ్చగా కనబడే అడవి మచ్చలు. నర్సాపూర్, అనంతగిరి, రాచకొండ, పోచారం, అమ్రాబాద్. మూడోది పాత హైవే ముక్కలు. నాలుగు వరసలు చేసినప్పుడు ఊళ్లని తప్పించి బైపాస్ వేశారు, పాత రోడ్డు ఊళ్లోంచి అలాగే ఉండిపోయింది. పెద్ద చింతచెట్లు, వేపచెట్లు రెండు పక్కలా వరసగా ఉన్నాయంటే అది పాత రోడ్డే. నాలుగోది జిల్లా సరిహద్దు దాటే చిన్న రోడ్లు. వీటి మీద లారీలు తక్కువ. ఒక జిల్లాలో తారు కొత్తగా ఉండి, సరిహద్దు దాటగానే గుంతలు మొదలవడం కూడా ఇక్కడే, అందుకని చివరిదాకా జూమ్ చేసి చూడాలి.

తారు ముదురు బూడిద రంగులో కనబడుతుంది, సిమెంటు రోడ్డు తెల్లగా, మట్టి బాట ఎర్రగా లేదా గోధుమ రంగులో. మధ్యలో ఒక కిలోమీటరు రంగు మారిందంటే అక్కడ రోడ్డు వేయలేదని అర్థం. వీధి చిత్రాలు (స్ట్రీట్ వ్యూ) ఉన్న రోడ్డైతే వాటిని తీసిన తేదీ చూడండి. మూడేళ్ల కిందటి తారు ఇప్పుడు లేకపోవచ్చు.

ఇప్పుడు రూటు గీయాలి. మ్యాపులో మధ్య స్టాపులు పెట్టేటప్పుడు ఊరి పేరు కొట్టకండి. ఊరి పేరు కొడితే బజారు మధ్యలోని సెంటర్‌కి తీసుకుపోతుంది. మీకు కావలసిన రోడ్డు మీదే, మలుపు దాటాక రెండు కిలోమీటర్ల అవతల పిన్ను వేయండి. జంక్షన్ మీద వేస్తే ఒక్కోసారి రోడ్డుకి అవతలి లేన్‌లో పడి, మిమ్మల్ని ముందుకెళ్లి యూ టర్న్ తీసుకోమంటుంది.

ఇంకో కిటుకు. నగరం దాటేదాకా టూవీలర్ మోడ్ పెట్టండి. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీదికి బైకుల్ని రానివ్వరు, సర్వీస్ రోడ్డే గతి. కారు మోడ్‌లో పెడితే ఫోను ఔటర్ ఎక్కమంటుంది. నగరం దాటాక మాత్రం కారు మోడ్‌కి మార్చండి. పల్లెల్లో టూవీలర్ మోడ్ రెండు నిమిషాలు మిగులుతాయని పొలం గట్ల మీదికి, చెరువు కట్ట మీది కాలిబాటకి పంపిస్తుంది. మ్యాపుని ముందు రాత్రే ఆఫ్‌లైన్‌లో దింపుకోండి.

రోడ్డెక్కాక కిలోమీటరు రాళ్లు చూస్తూ ఉండండి. నెత్తి పసుపైతే నేషనల్ హైవే, పచ్చదైతే స్టేట్ హైవే, నారింజైతే గ్రామీణ రోడ్డు. పచ్చ, నారింజ ఎక్కువున్న రోజు మంచి రోజు.

ఒక లూప్‌ని అల్లి చూద్దాం: మెదక్ వైపు

బాలానగర్, గండిమైసమ్మ మీదుగా నర్సాపూర్ సుమారు 50 కి.మీ. ఊరు రాబోయే ముందు అడవి. ఇక్కడ బండి ఆపి బ్యాగు సీటు మీద వదలకండి, కోతులు జిప్పు తీయడం నేర్చాయి. వాటికి బిస్కెట్లు వేసేవాళ్ల పుణ్యమే ఇది. టిఫిన్ నర్సాపూర్‌లో. చిన్న ఊళ్లలో ఇడ్లీ, వడ పదింటికల్లా అయిపోతాయి, మళ్లీ పన్నెండున్నరకి భోజనాలు మొదలయ్యేదాకా టీ, బిస్కెట్లే.

అక్కడి నుంచి మెదక్ మరో 45. చర్చి కోసం ఆగాల్సిందే. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాటికి పూర్తి చేసిన కట్టడం, గోపురం 175 అడుగులు. ఆదివారం పొద్దున ప్రార్థన జరుగుతుంది, అప్పుడు తిరిగి చూడటం కుదరదు. లోపలి రంగు అద్దాలు చూడాలంటే వారం మధ్యలో రావడమే మేలు. టూర్ క్యాన్సిలైన సెలవు వల్ల దక్కే లాభం కూడా ఇదే: మంగళవారం రోడ్డు, మంగళవారం చర్చి.

మెదక్ నుంచి ఎల్లారెడ్డి రోడ్డు మీద సుమారు 15 కి.మీ. పోతే పోచారం చెరువు, పక్కనే అభయారణ్యం. వానాకాలంలో మత్తడి దుంకుతుంటే (చెరువు నిండి అలుగు పొర్లుతుంటే) చూడటానికి జనం వస్తారు. అలుగు మీది బండలు నాచుపట్టి ఉంటాయి, షూతో దిగకండి. ఇక్కడి నుంచి వెనక్కి మెదక్ వచ్చి, రామాయంపేట రోడ్డు పట్టుకుని, 44వ నంబరు హైవే ఎక్కి తూప్రాన్, మేడ్చల్ మీదుగా ఇంటికి. మొత్తం 220 అటూ ఇటుగా. టోల్ గేటు దగ్గర బైకుకి డబ్బు లేదు, ఎడమ చివరి లేన్‌లో వెళ్లాలి.

ఈ లూప్‌లో వెళ్లిన దారే మళ్లీ వచ్చేది ఆ 15 కి.మీ. ఒక్కటే. అదీ వద్దనుకుంటే పోచారం నుంచి ముందుకే, ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగర్. మంజీర మీద 1931లో పూర్తయిన ప్రాజెక్టు. అక్కడి నుంచి పిట్లం దగ్గర 161వ నంబరు హైవే ఎక్కి జోగిపేట, సంగారెడ్డి మీదుగా రావచ్చు. అప్పుడు 300 దాటుతుంది. ఇది తెల్లవారుజామున 5.30కి బయల్దేరేవాళ్లకే. ఎటు వెళ్లాలన్న నిర్ణయం పోచారంలో పదకొండు లోపు తీసుకోండి. ఆ టైముకి అక్కడికి చేరకపోతే పొట్టి దారే. ఇలా ప్రతి లూప్‌లోనూ ఇలా తేల్చుకునే చోటు ఒకటి, దానికో టైము ముందే రాసిపెట్టుకోవాలి. లేకపోతే "ఇంకాస్తేగా" అనుకుంటూ సాయంత్రమైపోతుంది.

మెదక్ పక్కనే ఏడుపాయల ఉంది. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి. సింగూరు గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిందంటే ఆ వైపు ఆలోచన మానుకోండి, గుడి దాకా నీళ్లొస్తాయి. శివరాత్రి జాతర రోజుల్లో బండి నిలబెట్టే చోటు కూడా ఉండదు.

మిగతా దిక్కులు, క్లుప్తంగా

పడమర: చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల నీడ, మన్నెగూడ, వికారాబాద్, కోటిపల్లి రిజర్వాయర్, తిరుగు దారిలో పరిగి. చేవెళ్ల రోడ్డు వెడల్పు పనుల పరిస్థితి చూసుకుని వెళ్లండి. తాండూరు వైపు మాత్రం సరదాకి వెళ్లకండి, బండల లారీలు, సిమెంటు లారీలు కలిసి రోడ్డుని నమిలేస్తాయి. ఇంకాస్త దూరం ఓపికుంటే జహీరాబాద్ దాటి బీదర్, సుమారు 140 కి.మీ. కోట ఎర్ర రాయి, బిద్రీ (నల్లటి లోహం మీద వెండి పొదిగే) పనివాళ్ల దుకాణాలు. దారి ఎక్కువగా హైవే, అందుకే దీన్ని రెండో వరసలో పెడతాం.

తూర్పున భువనగిరి గుట్ట, పోచంపల్లి మగ్గాలు, ఆలేరు దగ్గర కొలనుపాక జైన మందిరం ఒకే లూప్‌లో పడతాయి, 180 లోపే. దక్షిణాన శ్రీశైలం పోను రాను 430 కి.మీ., ఒక్కరోజుకి అది పనిష్‌మెంటు. ఆ దారిలో అడవి మొదలయ్యే మన్ననూరు దాకా వెళ్లి వెనక్కి తిరగండి. అభయారణ్యంలో రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు గేటు మూస్తారు, లోపల అడవిలో బండి ఆపి దిగడం కుదరదు.

విజయవాడ వాళ్లకి అవనిగడ్డ మీదుగా హంసలదీవి దాకా దివిసీమ రోడ్లు, విశాఖ వాళ్లకి నర్సీపట్నం మీదుగా లంబసింగి, తిరుపతి వాళ్లకి తలకోన, కర్నూలు వాళ్లకి యాగంటి, బెలుం గుహలు. అందరికీ తెలిసిన పేర్లే. కొత్తదనం అక్కడికి ఏ రోడ్డున వెళ్లి ఏ రోడ్డున వస్తారన్నదాంట్లో ఉంది.

వడ్లు, వాగులు, ఇనుప చక్రాలు

పల్లె రోడ్డు మీద ప్రమాదాలు నెలని బట్టి మారతాయి. వానాకాలం పంట అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తుంది. అప్పుడు సగం రోడ్డు వడ్ల కల్లం. కుప్పల చుట్టూ గాలికి లేవకుండా రాళ్లు పెడతారు, సాయంత్రం టార్పాలిన్ కప్పుతారు. చీకట్లో ఆ నల్ల టార్పాలిన్ తారులో కలిసిపోతుంది, రాయి మాత్రం అక్కడే ఉంటుంది. వడ్ల గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. వాటి మీద పడ్డారా, బ్రేకు పట్టకండి, బండి వంచకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి నిటారుగా దాటండి. ఎదురుగా బస్సు వస్తుంటే కుప్పకి ముందే ఆగి దారివ్వండి. ఆ గింజలు వాళ్ల ఆరు నెలల చాకిరీ, తొక్కడం మర్యాద కాదు.

నాట్ల సమయంలో ఇంకో బెడద. దమ్ము చేసే ట్రాక్టర్లు ఇనుప కేజ్ వీల్స్‌తోనే రోడ్డెక్కుతాయి. తారు మీద అడ్డంగా గాట్లు, వాటి మీద తడి రేగడి. సబ్బు మీద నడిచినట్టే ఉంటుంది.

వాన పడిన మర్నాడు బయల్దేరుతుంటే వాతావరణ శాఖ జిల్లా హెచ్చరికలతో పాటు, ఏ మండలంలో ఎంత కురిసిందన్న లెక్క కూడా చూడండి. మీరు వెళ్లే ఊళ్లో చినుకు లేకపోయినా ఎగువ మండలంలో కురిసింది మధ్యాహ్నానికి మీ దారిలోని వాగుకి చేరుతుంది. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం కింద లెక్క. ఎగువన అంత పడిందంటే ఆ రోజు లోలెవల్ వంతెనలున్న రూటుని పక్కన పెట్టేయండి. వంతెన మీద నీళ్లు పారుతుంటే, అడుగు కనబడకపోతే, ముందు ఎవరో దాటినా సరే, బండి తిప్పండి. లోతు కంటే నీటి వేగం ముఖ్యం, ప్రవాహం బండిని పక్కకి తోసేస్తుంది.

జాతరలు క్యాలెండర్‌లో చూసుకోండి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు కొమురవెల్లి వైపు, రెండేళ్లకోసారి మేడారం జాతర రోజుల్లో వరంగల్ వైపు వెళ్లకండి.

దారి అడిగే పద్ధతి

"రోడ్డు బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే చెబుతారు, రోజూ దాని మీద తిరిగేవాళ్లకి అది బాగానే ఉంటుంది. "అన్నా, ఈ తొవ్వల బస్సు పోతదా?" అని అడగండి. పల్లెవెలుగు బస్సు నడుస్తుందంటే తారుంది, వాగు మీద వంతెన ఉంది, మీ బండి పోతుంది. "బంద్ జేసిన్రు" అంటే ఎందుకని అడగండి. రోడ్డు తెగిందా, ప్రయాణికులు లేకనా అన్నది అక్కడ తేలుతుంది. దూరం అడగకండి, "దగ్గర్నే" అంటారు. ఎంతసేపు పడుతుందని అడగండి. పంక్చర్ షాపతనికి చుట్టుపక్కల ఏ రోడ్డు టైర్లని తింటుందో తెలుసు. అతను చెప్పినదాని మీద నమ్మకం పెట్టొచ్చు.

ఊరి మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, బడి ముందు ఒకటి స్పీడ్ బ్రేకర్ ఉన్నట్టే లెక్క, గీతలున్నా లేకపోయినా. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా గొర్లు, బర్రెలు ఇళ్లకి మళ్లుతాయి. మంద ముందు హారన్ కొడితే చెదిరి మీ వైపే వస్తాయి. ఇంజన్ ఆపి నిలబడితే రెండు నిమిషాల్లో దాటిపోతాయి.

పెట్రోలు సంగతి ఒక్క మాట. ట్యాంకు సగానికి వచ్చాక కనబడిన మొదటి బంకులో నింపేయండి. రిజర్వు పడేదాకా ఆగితే అప్పుడు కనబడేది మూసిన బంకో, కిరాణా కొట్టు ముందు సీసాలో పోసిన పెట్రోలో. సీసా పెట్రోలు పోయక తప్పకపోతే లీటరు చాలు.

ఆదివారమైతే సాయంత్రం నాలుగున్నర లోపు ఔటర్ చేరండి. ఆ తర్వాత మేడ్చల్, షాద్‌నగర్, భువనగిరి వైపుల నుంచి వచ్చే జనమంతా ఒక్కసారే నగరంలోకి దిగుతారు. అలసిన చేతికి గంటసేపు క్లచ్ నొక్కడం మిగులుతుంది.

ఇంటికొచ్చాక చైన్ వేడిగా ఉండగానే తుడిచి స్ప్రే కొట్టండి, మర్నాటికి ఆరిన ఎర్ర మట్టి లింకుల్లో సానరాయిలా పనిచేస్తుంది. స్నానం చేసేలోపు నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయండి: రీడింగు, పోసిన పెట్రోలు, ఎక్కడ రోడ్డు చెడిందో, ఎక్కడ టిఫిన్ బాగుందో. వాటి కింద, వెళ్లకుండా వదిలేసిన మలుపులు. కిలోమీటరు రాయి మీద చదివిన ఊరి పేరు, ఎడమో కుడో, తారో మట్టో. క్యాన్సిలైన సెలవులో ఇంకో రోజు మిగిలుంటే, రేపు శాటిలైట్ వ్యూలో మొదట తెరవాల్సింది ఆ మలుపునే.